పద్నాలుగు రోజులైనా చెమటలో ఉప్పు తగ్గని కుర్రాడు

ఈ కేసు రాయడానికి ఆ అబ్బాయి, వాళ్లమ్మ ఇద్దరూ ఒప్పుకున్నారు. పేరు, ఊరు రాయను. నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె, ఇంట్లో అందరూ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లు అని మాత్రం చెప్పాలి. ఎందుకంటే అతని ఒంటి రంగు చూసి అందరం పొరబడింది ఆ సంగతి వల్లనే.

నేను జనరల్ ఫిజీషియన్‌ని. ఆదివారం పొద్దున్నే నెల్లూరులో కుర్రాళ్లు పరుగు ప్రాక్టీస్ చేసే గ్రౌండ్‌కి వెళ్లి ఒక గంట కూర్చుంటాను. ఎక్కువమంది కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారవుతున్న పల్లెటూరి పిల్లలు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. నెలల తరబడి ప్రాక్టీస్ చేసి, చివర్లో పిక్కలు పట్టేసో కళ్లు తిరిగో కూలబడిపోతే ఆ కుటుంబం ఆశ అక్కడే పోతుంది. అందుకే వాళ్ల చెమట గురించి, నీళ్ల గురించి నాకు అంత పట్టింపు.

అబ్బాయికి 21 ఏళ్లు, డిగ్రీ చివరి సంవత్సరం. మే మొదటి ఆదివారం నా దగ్గరికి వచ్చాడు. "సార్, రెండో రౌండ్‌లోనే పిక్కలు పట్టేస్తన్నాయి. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మతన్నాయి" అన్నాడు. జనవరిలో 1600 మీటర్లు 6 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తినవాడు, ఇప్పుడు 7 నిమిషాల 40 సెకన్లు తీసుకుంటున్నాడు. బరువు 61 కిలోల నుంచి 57కి పడిపోయింది. అన్నం సయించడం లేదట. మార్చిలో ఒకసారి పడిపోతే ఒక క్లినిక్‌లో వడదెబ్బ అని రెండు సెలైన్లు ఎక్కించి, బలానికి విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. "సెలైన్ ఎక్కినాక రెండు రోజులు బ్రహ్మాండంగా ఉన్నా సార్. మళ్లా మామూలే" అన్నాడు. ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. సెలైన్ అంటే ఉప్పు నీళ్లు. ఉప్పు నీళ్లతో రెండు రోజులు బాగుపడి, మూడో రోజు మళ్లీ కుంగిపోయేవాడికి ఒంట్లో ఉప్పు ఎందుకు నిలవడం లేదో అడగాలి. నేను అడగలేదు. విని, రాసుకుని, ముందుకు వెళ్లిపోయాను.

నా కళ్లు ఆ రోజు అతని నల్ల టీషర్ట్ మీద ఉన్నాయి. పరుగు ఆపి పది నిమిషాలు నీడన కూర్చునేసరికి వీపంతా తెల్లటి చారలు. చేత్తో దులిపితే పొడి రాలింది. చెమటలో ఉప్పు ఎక్కువ పోయేవాళ్లు కొందరు ఉంటారు, ఇతనూ అలాంటివాడే, లెక్క కట్టి ఉప్పు భర్తీ చేస్తే సరిపోతుందనుకున్నాను. పిక్కలు పట్టడానికి కారణం ప్రతిసారీ ఉప్పే కాదు, అలసిన కండరానికి నరాల అదుపు తప్పడం వల్ల కూడా పడతాయి. ఆ ఒక్క లక్షణం మీద ఆధారపడకుండా కొలిచి చూద్దామనుకున్నాను.

కొలవడానికి పెద్ద పరికరాలేమీ లేవు. డిజిటల్ తూకం మెషిన్, గాజుగుడ్డ, నీళ్లు చొరబడని పారదర్శక ప్లాస్టర్, సిరంజి. ముంజేతిని డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, ఆరబెట్టి, గాజుగుడ్డ ముక్క పెట్టి పైన ప్లాస్టర్ అంటించాలి. అరగంట పరుగు తర్వాత, గుడ్డ పూర్తిగా నానకముందే తీసి, సిరంజిలో వేసి పిండి, చిన్న ట్యూబులో పట్టి వెంటనే మూత బిగించాలి. మూత ఆలస్యమైతే నీరు ఆవిరై ఉప్పు అంకె పెరిగిపోతుంది. పరుగుకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని తక్కువ బట్టలతో బరువు చూడాలి. మధ్యలో తాగిన నీళ్లు కలపాలి, మూత్రానికి వెళితే తీసేయాలి. తగ్గిన ప్రతి కిలో సుమారు ఒక లీటరు చెమట. ల్యాబ్‌లో సోడియం, పొటాషియం లాంటి లవణాలు కొలిచే ఎలక్ట్రోలైట్ మెషిన్ మీద చెమట పెట్టడానికి టెక్నీషియన్ మొదట ఒప్పుకోలేదు. మూత్రం కొలిచే సెట్టింగ్‌లో ప్రతి శాంపిల్‌నీ రెండేసి సార్లు చూద్దామంటే సరే అన్నాడు.

అతనితో పాటు అదే గదిలో ఉండే ఇద్దరు స్నేహితులకు కూడా చేశాను. పరీక్షల కోసం ముగ్గురూ ఏప్రిల్ అంతా ప్రాక్టీస్ ఆపేసి, మే మొదట్లో ఒకేసారి మళ్లీ మొదలుపెట్టారు. ఒకే ఎండ, ఒకే మెస్సు భోజనం. పోల్చి చూడటానికి బాగుంటుందని ఊరికే అనుకున్నాను. చివరికి ఆ పోలికే దారి చూపింది.

గంట పరుగులో అతని బరువు 57.4 నుంచి 56.3కి వచ్చింది. తాగింది 400 మిల్లీలీటర్లు. అంటే ఒకటిన్నర లీటరు చెమట. ఉప్పంటే సోడియం, క్లోరైడ్ కలిసినదే; ఆ చెమటలో సోడియం లీటరుకు 88 మిల్లీమోల్స్, క్లోరైడ్ 79. స్నేహితులకు సోడియం 52, 64 వచ్చాయి. వ్యాయామం చేసేవాళ్ల చెమటలో సోడియం మనిషిని బట్టి చాలా తేడాగా ఉంటుంది, 20 నుంచి 80 దాకా మామూలుగానే చూస్తాం. 88 ఎక్కువే గానీ అసలు వినని అంకె కాదు. లెక్క వేస్తే గంటలో సుమారు ఏడున్నర గ్రాముల ఉప్పు పోయింది. ముంజేతి చెమట ఒళ్లంతటి సగటు కంటే కాస్త ఉప్పగా ఉంటుంది, కాబట్టి నిజానికి కొంచెం తక్కువే అనుకోండి. అయినా పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, ఇతను దాదాపు అంతా గంటలో కార్చేస్తున్నాడు.

పరుగుకు ముందు ఉప్పేసిన మజ్జిగ, తర్వాత ఓఆర్ఎస్, అన్నంలో ఉప్పు తగ్గించొద్దని చెప్పి, రెండు వారాల తర్వాత మళ్లీ చూస్తానన్నాను.

రెండు వారాలే ఎందుకంటే, దానికి చెమట ఎలా తయారవుతుందో చెప్పాలి. చర్మం కింద చుట్టలా ఉండే గ్రంథిలో మొదట ఊరే ద్రవం రక్తంలోని ద్రవమంత ఉప్పగా ఉంటుంది, లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్ సోడియంతో. అది సన్నటి నాళం గుండా పైకి వస్తుంటే, దారి పొడవునా నాళం గోడలు సోడియం, క్లోరైడ్‌లను వెనక్కి లాక్కుంటాయి. మన కాలువల మాదిరే. కాలువ వెంబడి తూములు ఉంటాయి, నీళ్లు నిదానంగా పారితే ప్రతి కయ్యకూ అందుతాయి, ఉరవడిగా పారితే చాలావరకు కిందికి దాటిపోతాయి. చెమట నెమ్మదిగా పడితే ఉప్పు తక్కువ, ధారగా కారితే ఉప్పు ఎక్కువ. ఇక తూములు ఎన్ని తెరవాలో చూసే లస్కరు ఒకరుండాలి కదా, ఆ పని ఆల్డోస్టిరాన్ హార్మోన్‌ది. మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథుల నుంచి వస్తుంది. ఎండలో రోజూ కష్టపడుతుంటే ఒంట్లో ఉప్పు, నీరు తగ్గుతాయి, ఆల్డోస్టిరాన్ పెరుగుతుంది, నాళం సోడియాన్ని మరింత గట్టిగా పట్టుకుంటుంది. పది నుంచి పద్నాలుగు రోజుల్లో చెమట పరిమాణం పెరుగుతుంది, అందులో ఉప్పు మాత్రం తగ్గుతుంది. ఎండకు ఒళ్లు అలవాటు పడటమంటే చాలావరకు ఇదే.

అందుకే నేను మొదటి రోజు అంకెను అంతగా నమ్మను. ఒక్కరోజు అంకెలో పుట్టుక, తిండి, పరుగు వేగం, ప్లాస్టర్ అంటించిన తీరు అన్నీ కలిసి ఉంటాయి. అదే మనిషికి, అదే చోట, రెండు వారాల తర్వాత ఆ అంకె ఎటు కదిలిందన్నది వేరే సంగతి. ఒళ్లు ఎండకు బదులు చెబుతోందా లేదా అన్నది అందులో కనిపిస్తుంది.

పద్నాలుగు రోజుల తర్వాత మొదటి స్నేహితుడికి 52 నుంచి 37. రెండోవాడికి 64 నుంచి 45. ఇద్దరికీ చెమట మునుపటికంటే ఎక్కువే పట్టింది, అయినా ఉప్పు తగ్గింది. మన అబ్బాయికి 91.

మెషిన్ తప్పేమోనని మళ్లీ పెట్టించాను. 90 వచ్చింది. పైగా ఆ రోజు అతను సగం దూరం నడిచాడు. గంటలో పట్టిన చెమట 1.1 లీటర్లే. చెమట వేగం తగ్గితే ఉప్పు తగ్గాలి, ఇతనికి అదీ తగ్గలేదు.

ఒక అనుమానం మొదట నా మీదికే వచ్చింది. ఉప్పు బాగా తినమని చెప్పింది నేనే. ఉప్పు ఎక్కువ తింటే ఆల్డోస్టిరాన్ పెరగాల్సిన అవసరం ఉండదు, చెమటలో సోడియం తగ్గకపోవచ్చు. ఇది నిజంగా జరిగేదే. కానీ ఒంట్లో ఉప్పు నిండుగా ఉన్నవాడైతే బీపీ నిలకడగా ఉండాలి, బరువు నిలవాలి. చెట్టు కిందే పడుకోబెట్టి చూస్తే బీపీ 98/62. లేపి నిలబెట్టిన రెండు నిమిషాలకు 76/50, నాడి 120. బరువు ఇంకో అర కిలోకు పైగా తగ్గింది. తిన్న ఉప్పు ఒంట్లో ఆగడం లేదు. చెమటలోనే కాదు, మూత్రంలో కూడా పోతూ ఉండాలి.

ఆ మధ్యాహ్నం క్లినిక్‌కి రమ్మన్నాను. వాళ్లమ్మ కూడా వచ్చింది. "తిండి ఎట్టా ఉందమ్మా?" అని అడిగితే ఆమె చెప్పిన మాట ఇది: "అన్నం ముట్టడు సార్. మాగాయ ముక్కలు ఎండబోస్తే, జాడీలో ఊట అంతా గ్లాసులో పోసుకోని తాగేస్తన్నాడు. ఎప్పుడూ లేంది ఇదేం రుచి నాయనా అంటే, బాగుందిమా అంటాడు." ఉప్పు కోసం ఒళ్లు అలా వెంపర్లాడుతుంటే ఎవరూ దాన్ని జబ్బు అనుకోలేదు. ఆ ఇంట్లో ఉప్పంటే కొత్తా?

నోరు తెరవమని టార్చ్ వేసి చూశాను. చిగుళ్ల మీద, బుగ్గల లోపల నల్లటి మచ్చలు. అరచేతి గీతలు నల్లగా ఉన్నాయి, వేళ్ల కణుపులు ఇంకా నల్లగా ఉన్నాయి. ఎండకు నల్లబడ్డాడని ఇంట్లోవాళ్లు అనుకున్నారు, కోచ్ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. బుగ్గల లోపలికి ఎండ ఎలా పోతుంది?

రక్తంలో సోడియం 127, పొటాషియం 5.8, షుగర్ 66. చెమట అంకెలు చూసినప్పుడు, పుట్టుకతో వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బు సంగతి కూడా ఆలోచించాను, ఎందుకంటే చెమటలో క్లోరైడ్ 60 దాటితే ముందు గుర్తొచ్చేది ఆ జబ్బే. కానీ దాని పరీక్ష విశ్రాంతిగా ఉన్నప్పుడు పైలోకార్పిన్ మందుతో చెమట పట్టించి చేయాలి, 1959 నుంచి పద్ధతి అది. పరుగు చెమటను ఆ కొలబద్దతో చూడకూడదు. పైగా ఆ జబ్బులో ఉప్పు పోయి నీరసించిన మనిషికి పొటాషియం తగ్గుతుంది, ఇతనికి పెరిగింది. సోడియం కిందికి, పొటాషియం పైకి, బీపీ కిందికి, చర్మం నలుపు. అడ్రినల్ గ్రంథులే తయారు చేసే ఇంకో హార్మోన్ కార్టిసాల్. మర్నాడు పొద్దున 8 గంటలకు తీసిన రక్తంలో అది డెసిలీటరుకు 2.4 మైక్రోగ్రాములే, బాగా తక్కువ. దాన్ని తయారు చేయమని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే ఏసీటీహెచ్ మాత్రం మామూలుకు ఎన్నో రెట్లు. గట్టిగా పిలుస్తున్నా గ్రంథి పలకడం లేదన్నమాట. రక్తం తీసిన వెంటనే, రిపోర్టుల కోసం చూడకుండా, సెలైన్‌తో పాటు, కార్టిసాల్ బదులు పనిచేసే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చాను. ఈ జబ్బు అనుమానం గట్టిపడితే చికిత్స ఆపి కూర్చోకూడదు.

అడిసన్స్ జబ్బు. అంటే అడ్రినల్ గ్రంథులు దెబ్బతిని వాటి హార్మోన్లు ఒంటికి అందకపోవడం. 1855లో థామస్ అడిసన్ వర్ణించినది. మన దేశంలో టీబీ వల్ల కూడా వస్తుంది కాబట్టి ఎక్స్‌రే, స్కాన్ చేయించాం. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. అడ్రినల్ గ్రంథులు రెండూ ఉబ్బి లేవు, చిన్నగా ముడుచుకుపోయి ఉన్నాయి. సొంత రోగనిరోధక శక్తే గ్రంథిని తినేసిందని మద్రాసులో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజిస్ట్ కూడా అన్నారు.

చెమటకూ ఈ గ్రంథికీ ఉన్న చుట్టరికం కొత్తగా కనిపెట్టినదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మిషిగన్ యూనివర్సిటీలో జెరోమ్ కాన్ అనే వైద్యుడు, వేడి, ఉక్క ఉండే చోట సైనికుల ఒళ్లు ఎలా అలవాటు పడుతుందో పరిశోధించాడు. రోజులు గడిచేకొద్దీ చెమటలో సోడియం పడిపోవడం చూసి, అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే హార్మోన్ ఏదో ఉప్పును పట్టి ఉంచుతోందని అన్నాడు. అప్పటికి ఆల్డోస్టిరాన్ పేరు కూడా లేదు, దాన్ని విడదీసింది 1953లో. ఆ తర్వాత బీపీ ఎక్కువై, కండరాల నీరసం, పొటాషియం లోపంతో ఒకామె అతని దగ్గరికి వచ్చింది. ఆమె చెమటలో సోడియం మరీ తక్కువ. ఆల్డోస్టిరాన్ అతిగా ఊరుతోందని కాన్ తేల్చాడు. 1955లో అచ్చయిన ఆ జబ్బును ఇప్పటికీ కాన్స్ సిండ్రోమ్ అంటున్నాం. నా దగ్గరికి వచ్చిన అబ్బాయిది సరిగ్గా దానికి తిరగేసిన బొమ్మ. మెడిసిన్ చదివేటప్పుడు కాన్ కథ విన్నాను. నెల్లూరు గ్రౌండ్‌లో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నప్పుడు అది గుర్తుకు రావడానికి 91 అనే అంకె కావాల్సి వచ్చింది.

తలుచుకుంటే భయం వేసేది నీళ్ల సంగతి. కళ్లు తిరుగుతున్నాయంటే కోచ్ మంచి మనసుతోనే రోజుకు ఐదారు లీటర్లు తాగమన్నాడు, ఇతను తాగాడు. కార్టిసాల్ లేని ఒంట్లో మూత్రపిండాలు అదనపు నీటిని బయటికి పంపలేవు. ఉప్పు పోతూ నీళ్లు పోగవుతుంటే రక్తంలో సోడియం ఇంకా పలచబడుతుంది. ఆ సమయంలో ఒక రాత్రి వాంతులు, విరేచనాలు పట్టుకుని ఉంటే ప్రాణం మీదికి వచ్చేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా గంటల తరబడి పరిగెత్తి, చెమట కంటే ఎక్కువ నీళ్లు తాగితే సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. పరుగు తర్వాత బరువు పెరిగిందంటే అది మంచి గుర్తు కాదు. ఈ ఒక్క మాటా మా గ్రౌండ్‌లో అందరికీ చెబుతున్నాను.

చికిత్స చెప్పడానికి సులువే. హైడ్రోకార్టిసోన్ పొద్దున 10, మధ్యాహ్నం 5, సాయంత్రం 5 మిల్లీగ్రాములు, ఆల్డోస్టిరాన్ బదులు ఫ్లూడ్రోకార్టిసోన్ 0.1 మిల్లీగ్రాము రోజూ. జీవితాంతం. కష్టం ఆ మాట చెప్పడంలో ఉంది. వాళ్లమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మాత్ర ఒక్కరోజు తప్పితే ఏమవుద్ది సార్?" అని మాత్రం అడిగింది. సరైన ప్రశ్న. జ్వరం వస్తే మాత్ర రెట్టింపు చేయాలని, వాంతులై మాత్ర నిలవకపోతే 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ వెంటనే పడాలని, జబ్బు పేరు, మందులు రాసిన కార్డు జేబులో ఎప్పుడూ ఉండాలని చెప్పాను. ఇంజెక్షన్ ఇవ్వడం అతని రూమ్మేట్లిద్దరికీ నేర్పించాను.

మొదటి వారంలోనే నిలబడితే కళ్లు తిరగడం పోయింది. రక్తంలో సోడియం 138, పొటాషియం 4.4కి వచ్చాయి. ఆరో వారంలో అదే ముంజేయి, అదే గాజుగుడ్డ: చెమటలో సోడియం 59. పదో వారంలో 48, చెమట గంటకు 1.4 లీటర్లు. అప్పటికి కాలం కొంత మారింది కాబట్టి మే నెల అంకెలతో గట్టిగా పోల్చలేం. అయినా హార్మోన్ అందిన నాళం పని మొదలుపెట్టిందని చెప్పడానికి ఆ దిగుదల చాలు. బరువు 60.8. 1600 మీటర్లు 6 నిమిషాల 32 సెకన్లు. మాగాయ ఊట జాడీలో అలాగే ఉందట, తనంతట తనే మానేశాడు.

ఈ సంగతి తెలిశాక ఇంకో కోచ్ వచ్చి, ఒంటికి అంటించుకుంటే చెమటను చూసి అన్నీ చెప్పే పట్టీలు కొందామా అని అడిగాడు. ఎంత చెమట పడుతోంది, అందులో సోడియం, క్లోరైడ్ ఎంత అన్నవి వాటితో బాగానే తెలుసుకోవచ్చు. కండరం కష్టపడితే తయారయ్యే ల్యాక్టేట్ అనే పదార్థాన్ని చెమటలో చూసి కండరం ఎంత అలసిందో చెప్పడం మాత్రం నేను నమ్మను. చెమట గ్రంథి తానే పనిచేస్తూ ల్యాక్టేట్ తయారు చేస్తుంది, ఆ అంకెలో తొడ కండరం ఎంత, గ్రంథి ఎంత అని విడదీయలేం. గ్లూకోజ్ ఉంటుంది గానీ రక్తంలో ఉన్నదానిలో సుమారు నూరో వంతు, చర్మం మీది మురికి తగిలినా మారిపోతుంది. చెమట పడితే ఒంట్లో విషాలు పోతాయన్న మాట కూడా గ్రౌండ్‌లో రోజూ వింటాను. చెమట పని ఒంటిని చల్లబరచడం. ఒక లీటరు చెమట చర్మం మీద ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడి తీసుకుపోతుంది. వ్యర్థాలు బయటికి పంపే పని మూత్రపిండాలది, కాలేయానిది. పట్టీల డబ్బుతో రెండు తూకం మెషిన్లు కొనమన్నాను, కొన్నారు.

నేను మార్చుకున్నవి రెండున్నాయి. ఉప్పు చారలతో వచ్చిన ప్రతి పిల్లవాడికీ పడుకున్నప్పుడు, నిలబడ్డాక బీపీ చూస్తున్నాను, నోరు తెరిపించి చూస్తున్నాను. చెమట పరీక్ష చేస్తే రెండు వారాల గడువుతో రెండుసార్లు చేస్తున్నాను, ఒక్కసారి చేసి సలహా ఇవ్వడం మానేశాను. ఆ తర్వాత చూసినవాళ్లలో చాలామందికి ఉప్పు తగ్గింది. ఇద్దరికి తగ్గలేదు. వాళ్ల బీపీ, రక్తం బాగానే ఉన్నాయి, విచారిస్తే ఇద్దరూ పూటపూటా ఎండు చేపలు, ఊరగాయ దండిగా తినేవాళ్లే.

ఎండ ఎక్కువున్న రోజుల్లో, చెమట ధారగా పట్టే పని చేసేటప్పుడు ఈ జబ్బువాళ్లకు ఉప్పు, కొన్నిసార్లు ఫ్లూడ్రోకార్టిసోన్ మోతాదు కూడా పెంచాల్సి వస్తుంది. ఎంత పెంచాలో పుస్తకంలో ఒక్క అంకెగా ఉండదు, మనిషిని చూసి తేల్చాలి. వచ్చే ఏప్రిల్ మొదటి ఆదివారం అబ్బాయిని మళ్లీ గాజుగుడ్డ, తూకంతో రమ్మన్నాను. పొటాషియం, నిలబడిన బీపీ కూడా ఆ రోజే చూసి, రోహిణి కార్తెలోపు మోతాదు సరిచేయాలి.